ర్వెంజోరి మంచు కరిగితే నైలు ఎండుతుందా?

1876 జనవరిలో అన్వేషకుడు హెన్రీ మోర్టన్ స్టాన్లీ ఇప్పటి ఉగాండా పడమటి కొసకు, జార్జ్ సరస్సు దగ్గరికి వచ్చాడు. ఆయన మజిలీ చేసిన చోటికి దగ్గర్లోనే దాదాపు ఐదు వేల మీటర్ల ఎత్తున ర్వెంజోరి పర్వతాల మంచు శిఖరాలున్నాయి. ఆయనకు కనబడలేదు. మళ్లీ 1888లో కాంగో వైపు నుంచి వచ్చినప్పుడు, మబ్బు కాసేపు తొలగితే, మొదట తన బృందంలోని వాళ్లకు, తర్వాత తనకు ఆ తెల్లదనం కంటబడింది. అప్పటికి పదిహేడు వందల ఏళ్లుగా ప్రాచీన గ్రీకు భూగోళవేత్త టాలెమీ పేరు మీద 'చంద్ర పర్వతాలు' అన్న మాట పటాల్లో తిరుగుతూనే ఉంది. వాటి మంచు నీళ్లతోనే నైలు పుడుతుందని ఆ కథ. టాలెమీ చెప్పినవి ఇవేనా అన్నది ఇప్పటికీ ఖాయంగా తేలలేదు గానీ, పేరు మాత్రం ర్వెంజోరికి అతుక్కుపోయింది.

తంటా అంతా అక్కడే వచ్చింది. ర్వెంజోరి గురించి ఇప్పుడు ఏ వార్త వచ్చినా దాదాపు ఒకే మూసలో ఉంటుంది: భూమధ్యరేఖ మీద మంచు కరిగిపోతోంది, అది పోతే నదులు ఎండిపోతాయి, నైలుకు ముప్పు. మంచు పోతున్న మాట నిజమే. నదుల మాట మాత్రం లెక్కకు నిలవదు. పైపెచ్చు, అందరి చూపూ శిఖరం మీది ఆ కాస్త తెలుపు మీదే ఉండటంతో, కింద మూడు వేల మీటర్ల మేర పరుచుకున్న అసలు కొండ ఎవరికీ పట్టడం లేదు. నీళ్లు నిలబెట్టేది ఆ కింది భాగమే. ప్రమాదం వచ్చినా అక్కడి నుంచే వస్తుంది.

అగ్నిపర్వతం కాని ఎత్తు

ఉగాండాకు, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రానికి నడుమ సరిహద్దు గీత ఈ కొండల మీదుగానే పోతుంది. పొడవు దాదాపు 120 కిలోమీటర్లు, బాగా వెడల్పైన చోట 65. ఉత్తరాన ఆల్బర్ట్ సరస్సు, దక్షిణాన ఎడ్వర్డ్, జార్జ్ సరస్సులు. లోతైన లోయలతో విడిపోయిన ఆరు పర్వతాల గుంపు ఇది: స్టాన్లీ, స్పీక్, బేకర్, ఎమిన్, గెస్సీ, లుయీజీ ది సవోయా. పటాల్లో స్థిరపడ్డ ఈ ఆరు పేర్లలో ఒక్కటీ అక్కడివాళ్లది కాదు. స్టాన్లీ పర్వతం మీది మార్గరీటా శిఖరం 5,109 మీటర్లు. ఆఫ్రికాలో దానికంటే ఎత్తైన పర్వతాలు కిలిమంజారో, కెన్యా పర్వతం మాత్రమే. 1906 జూన్ 18న దాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ రాజవంశీకుడు అబ్రూజీ డ్యూక్, తమ ఇటలీ రాణి పేరు పెట్టాడు. ఈ వాలుల్లో తరతరాలుగా సాగు చేసుకుంటున్న బకోంజోలకు మాత్రం ఆ మంచు కితసాంబా అనే దేవుడి నివాసం. పైదాకా ఎక్కాలన్న ఆలోచనే వాళ్లకు ఉండేది కాదు.

కిలిమంజారో, కెన్యా పర్వతం రెండూ అగ్నిపర్వతాలు. లావా పొరలు పొరలుగా పేరుకుని లేచిన ఎత్తులు. ర్వెంజోరి అలాంటిది కాదు. దాని శిఖరాల దగ్గర దొరికేవి నీస్, క్వార్ట్‌జైట్, యాంఫిబొలైట్ లాంటి అతి పురాతన శిలలు, ఆఫ్రికా ఖండపు అడుగు రాళ్లు. అవి అంత ఎత్తుకు ఎలా వెళ్లాయన్నదే అసలు చిక్కు ప్రశ్న. ఎందుకంటే ఈ ప్రాంతం తూర్పు ఆఫ్రికా పగులు లోయలో పడమటి పాయ మీద ఉంది. అక్కడ భూమి పైపొర రెండు వైపులకూ సాగుతోంది. సాగే చోట నేల కుంగాలి. అంచులు కాస్త లేస్తే లేవొచ్చు. ఐదు వేల మీటర్లు లేవడమంటే మామూలు కాదు. ఆల్బర్ట్ సరస్సు నీటిమట్టం 620 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కొండకు పడమటి పక్కనున్న సెమ్లికి లోయ నేలకూ మార్గరీటా కొనకూ మధ్య ఎత్తు తేడా నాలుగు కిలోమీటర్లు దాటుతుంది.

కొందరు భూభౌతిక శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన వివరణ ఇది. పగులు ఉత్తరం నుంచి ఒకటి, దక్షిణం నుంచి ఒకటి సాగుతూ వచ్చి, ఎదురెదురుగా కలవకుండా పక్కపక్కగా జారాయి. వాటి నడుమ ఒక పట్టీలాంటి భూఖండం రెండు వైపులా తెగి, ఈశాన్యపు కొసన మాత్రం అంటుకుని మిగిలింది. అలా తెగిన ముక్క అడుగున ఉన్న బరువైన పొర వేడికి మెత్తబడి ఊడి కిందికి జారిపోయింది. రాయి కట్టి నీళ్లలో ముంచిన చెక్క నుంచి తాడు కోస్తే చెక్క ఎలా పైకి తన్నుకొస్తుందో, ఈ ముక్కా అలా లేచిందని వాళ్ల లెక్క. ఇది నమూనాల మీద కట్టిన వాదన, చర్చ ఇంకా సాగుతూనే ఉంది. ఇప్పటి ఎత్తులో పెద్ద భాగం దాదాపు ముప్ఫై లక్షల ఏళ్ల లోపే వచ్చిందని సాధారణంగా చెబుతారు. పని ఇంకా ఆగలేదు. 1966 మార్చిలో వచ్చిన టోరో భూకంపం కొండ రెండు వైపులా వందమందికి పైగా ప్రాణాలు తీసింది.

పగలు వేసవి, రాత్రి శీతాకాలం

ఎత్తు వంద మీటర్లు పెరిగితే గాలి సుమారు 0.6 డిగ్రీలు చల్లబడుతుంది. అడుగున వెయ్యి మీటర్ల దగ్గర సగటు 24 డిగ్రీలనుకుంటే, ఐదు వేల మీటర్ల ఎత్తుకు ఎక్కేసరికి సున్నాకు చేరతాం. భూమధ్యరేఖ మీద మంచు నిలవడానికి ఇంతకు మించిన రహస్యమేమీ లేదు. విశేషం ఇంకోచోట ఉంది: అక్కడ ఎండాకాలం, చలికాలం అన్నవి నెలల లెక్కన రావు. ఏడాది పొడవునా పగటి నిడివి ఒకటే, సగటు వేడి దాదాపు ఒకటే. మారేదల్లా పగలూ రాత్రీ. తూర్పు ఆఫ్రికా ఎత్తుల మొక్కలను జీవితమంతా చదివిన స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓలోవ్ హెడ్‌బర్గ్ ఈ వాతావరణాన్ని రోజూ పగలు వేసవి, రోజూ రాత్రి శీతాకాలం అని వర్ణించాడు. ఆ ఒక్క మాట పట్టుకుంటే అక్కడి మొక్కల వింత రూపాలన్నీ అర్థమవుతాయి.

వానలు రెండు విడతలు: మార్చి నుంచి మే వరకు ఒకటి, ఆగస్టు చివర మొదలై డిసెంబరు దాకా మరొకటి. నడిమి నెలలు పొడి అంటారు గానీ, కొండ మీద అది మాటవరసకే. తూర్పు వాలుల్లో ఏటా రెండు, రెండున్నర వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. కింద కసేసే మైదానంలో అందులో సగం కూడా ఉండదు. తేమగాలి కొండకు తగిలి ఎక్కుతూ చల్లబడి మబ్బు కడుతుంది. రెండున్నర వేల నుంచి నాలుగు వేల మీటర్ల మధ్య వాన లేని రోజున కూడా పొగమంచు ఆకులకు తగిలి నీరై కారుతుంది. స్టాన్లీకి శిఖరాలు కనబడకపోవడానికి కారణమూ ఇదే.

కింది నుంచి పైకి

పొలాలు, అరటి తోటలు, కాఫీ మొక్కలు ఎక్కడ ఆగితే అక్కడ జాతీయ పార్కు గీత మొదలవుతుంది. ఆకాశం నుంచి చూస్తే కత్తితో కోసినట్టు కనబడే గీత. ఉగాండా వైపు దాదాపు వెయ్యి చదరపు కిలోమీటర్లను 1991లో పార్కుగా ప్రకటించారు. 1994లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. తిరుగుబాటు దళాల వల్ల 1999 నుంచి 2004 దాకా ప్రమాదంలో ఉన్న స్థలాల పట్టీలో ఉండి బయటపడింది. కాంగో వైపు భాగం విరుంగా పార్కు కిందికి వస్తుంది.

2,400 మీటర్ల దాకా దట్టమైన కొండ అడవి. చింపాంజీలు, తెల్ల గడ్డంతో లోయెస్ట్ కోతులు, నలుపు తెలుపు కొలోబస్‌లు, అరుదుగా ఏనుగులు. ర్వెంజోరి టురాకో అనే పక్షిదీ ఈ అడవే. ఎగిరినప్పుడు రెక్కల అడుగున ఎర్రటి మెరుపు కనబడుతుంది. చాలా పక్షుల ఎరుపు తిండిలోని కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల వస్తుంది. టురాకోల ఎరుపు మాత్రం రాగి కలిసిన ప్రత్యేక వర్ణద్రవ్యం. ఈ కొండలోనే కిలెంబే దగ్గర 1956 నుంచి పాతికేళ్లకు పైగా రాగి తవ్వారు కాబట్టి రెంటినీ ముడిపెట్టాలనిపిస్తుంది. తొందరపడొద్దు, రాగి గనులు లేని చోట బతికే టురాకోల్లోనూ అదే రంగు ఉంటుంది. మూడు కొమ్ముల ఊసరవెల్లి కూడా ఈ ఎత్తులదే. కొమ్ములు మగదానికే, పోటీకి వచ్చిన ఇంకో మగదాన్ని కొమ్మ మీద నుంచి నెట్టడానికి వాడుతుంది.

ఆ పైన వెదురు. మూడు వేల మీటర్లు దాటాక లోకమే మారిపోతుంది. హీథర్ అంటే యూరప్‌లో మోకాలి ఎత్తు పొద. ఇక్కడ అది చెట్టు; పది మీటర్లకు కూడా పోతుంది. బెరడు కనబడదు. కాండం చుట్టూ దిండు మందాన పాచి, కొమ్మల నుంచి గడ్డాల్లా వేలాడే లైకెన్లు. కింద నేల ఎక్కడుందో తెలియదు, వేళ్లూ పాచీ అల్లుకున్న అట్ట మీద అడుగేస్తే కాలు దిగబడుతుంది. లోయ అడుగులు ఇంకా చిత్తడి: బీగో బురద నేల లాంటి చోట్ల గుబ్బలుగా లేచిన కేరెక్స్ గడ్డి దుబ్బుల మీద ఒకదాని నుంచి ఇంకోదాని మీదికి దాటుకుంటూ పోవాలి. కొన్నిచోట్ల ఇప్పుడు చెక్క బాటలు వేశారు. ఈ కొండకు వెళ్లేవాళ్లు ట్రెక్కింగ్ బూట్ల కంటే గంబూట్లే నమ్ముకుంటారు.

3,800 మీటర్ల పైన రాక్షస సెనేసియోలు, లోబీలియాలు. సెనేసియో చామంతి కుటుంబానికి చెందింది. దాని బంధువులు చాలావరకు చిన్న గుల్మాలు. ఇది మాత్రం ఆరేడు మీటర్ల చెట్టై నిలబడుతుంది. దీని సమస్య చలి ఒక్కటే కాదు. తెల్లారగానే సూర్యుడు ఆకుల మీద మండిపడతాడు, ఆకులు నీరు అడుగుతాయి. అప్పటికి నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, వేళ్లు ఇవ్వలేవు. అందుకే కాండం మధ్య మెత్తటి దూటలో నీరు దాచుకుంటుంది. ఆ నీరు గడ్డకట్టకుండా, ఎండిన ఆకులను రాల్చకుండా కాండం చుట్టూ దుప్పటిలా ఉంచుకుంటుంది. రాత్రి కాగానే కొన మీది పచ్చి ఆకులు లోపలికి ముడుచుకుని మొగ్గను కప్పేస్తాయి.

లోబీలియాల్లో బెకార్టీ అనే రకం ఇంకో దారి పట్టింది. నేలకు దగ్గరగా ఆకులన్నీ వలయాలుగా పేర్చుకుని, వాటి గిన్నెలో వాన నీరు నిలబెడుతుంది. రాత్రి ఆ నీటి పైపొర గడ్డకడుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది, పైన ఏర్పడ్డ మంచు పలక కింది నీటిని కాపాడుతుంది. అలా అడుగున ఉన్న మొగ్గ సున్నాకు దిగువకు పోదు. పొద్దున వేలితో పలకను విరిస్తే లోపల నీళ్లే. మరో రకం వొల్లాస్టోనై, మనిషిని మించిన పూల కంకిని నిలువునా లేపి, దానికి బూడిద రంగు నూగు కప్పుతుంది. ఆ నూగులో దాక్కున్న నీలి పూల తేనె కోసం ఎర్ర కుచ్చుల తేనెపిట్ట వస్తుంది; నాలుగు వేల మీటర్ల ఎత్తున పరాగసంపర్కం దాని పనే. ఈ లోబీలియాలకు దగ్గరి చుట్టం ఒకటి మన దక్షిణాదిలో ఉంది: పడమటి కనుమల ఎత్తుల్లో పెరిగే లోబీలియా నికోషియానిఫోలియా. అదీ మనిషి ఎత్తుకు పైగా కంకి వేస్తుంది.

రాత్రి ఈ ఎత్తుల్లో ఎవరో పీక నులిమినట్టు కేకలు వినబడితే అది హైరాక్స్. కుందేలంత ఉంటుంది, బంధుత్వం మాత్రం ఏనుగులతో.

మంచు ఎందుకు పోతోంది

1906లో అబ్రూజీ బృందం వచ్చినప్పుడు ఆరు పర్వతాల మీదా హిమానీనదాలున్నాయి. 43 లెక్కపెట్టారు, మొత్తం సుమారు 7.5 చదరపు కిలోమీటర్లు. ఆ యాత్రలో విట్టోరియో సెల్లా తీసిన ఫొటోలు ఇప్పటికీ పోల్చి చూడటానికి ఆధారం. 1987 నాటికి అది 2 చదరపు కిలోమీటర్లకు, 2003 నాటికి ఒకటికి లోపు పడిపోయింది. ఇటీవలి సర్వేల ప్రకారం స్పీక్, బేకర్ల మీద హిమానీనదం అనదగ్గది మిగల్లేదు. స్టాన్లీ మీద ఉన్నదీ ముక్కలవుతోంది.

కారణం వేడేనా? ఇక్కడ శాస్త్రవేత్తల మధ్య నిజమైన వాదమే నడిచింది. సరస్సుల అడుగు మట్టిని చదివినవాళ్లకు మంచు వెనక్కి తగ్గడం 1870 ప్రాంతంలోనే మొదలైందని తేలింది. అప్పటికి కర్బన ఉద్గారాల ప్రభావం అంత లేదు. 19వ శతాబ్దం చివర్లో తూర్పు ఆఫ్రికా పొడిబారింది, విక్టోరియా సరస్సు మట్టం కూడా దిగింది. మబ్బు తగ్గితే ఎండ నేరుగా మంచుకు తగులుతుంది, కొత్త మంచూ పడదు. కాబట్టి తేమ తగ్గడమే కారణమని ఒక వర్గం; ఇటీవలి దశాబ్దాల్లో కరుగుదల గాలి వేడి పెరుగుదలతోనే సరిపోలుతోందని మరో వర్గం.

నాకు సబబుగా తోచేది ఏమిటంటే, ఈ వాదంలో కిలిమంజారోను, ర్వెంజోరిని ఒకే గాటన కట్టడమే సగం గందరగోళానికి మూలం. కిలిమంజారో కొన మీది మంచు 5,700 మీటర్లకు పైన ఉంది. అక్కడ గాలి ఎప్పుడూ సున్నాకు కిందే. మంచు చాలావరకు నీరు కాకుండానే ఆవిరై పోతుంది. అక్కడ తేమే ప్రధానం. ర్వెంజోరి మంచు అంతా 5,109 మీటర్ల లోపు, సరిగ్గా గడ్డకట్టే గీత దగ్గర. అక్కడ అర డిగ్రీ పెరిగినా మంచుగా పడాల్సింది వానగా పడుతుంది. కొత్త మంచు తెల్లగా ఉండి ఎండను తిప్పికొడుతుంది. వాన తడిపిన పాత మంచు నల్లబడి వేడిని పీల్చుకుంటుంది. మంచును మళ్లీ పేర్చే చలికాలం లేదు కాబట్టి కరగడం ఏడాదంతా సాగుతుంది. మొదలుపెట్టింది పొడితనమే అయినా ఇప్పుడు ముగిస్తున్నది వేడి అనుకోవచ్చు.

ఈ కొండకు మంచు రావడం పోవడం కొత్త కాదు. గత హిమయుగంలో ఇక్కడి హిమానీనదాలు మూడు వేల మీటర్లకు దిగువ దాకా వచ్చాయి. అవి తోసుకొచ్చి వదిలిన రాళ్ల గట్లు ఇప్పుడు అడవి కింద ఉన్నాయి. వాటి వయసు కొలిస్తే దాదాపు 20,000 ఏళ్ల కిందటే తిరుగుముఖం పట్టాయని తేలింది.

మరి నైలు సంగతి?

తూర్పు వాలు నదులు ముబుకు, న్యాంవాంబా లాంటివి జార్జ్ సరస్సులో పడతాయి. అక్కడి నుంచి కజింగా కాలువ మీదుగా ఎడ్వర్డ్ సరస్సుకు, దాని నుంచి సెమ్లికి నదిగా బయల్దేరి కొండకు పడమటి పక్కన ఉత్తరంగా పారి ఆల్బర్ట్ సరస్సుకు చేరతాయి. అంటే తూర్పున పుట్టిన నీరు కొండ చుట్టూ తిరిగి పడమటి నుంచి నైలులో కలుస్తుంది. ఆ రకంగా ర్వెంజోరి నీటి చుక్క ప్రతిదీ నైలుకే చెందుతుంది. అయితే ఆ చుక్కల్లో మంచువి ఎన్ని? కొండ అడుగున నదుల ప్రవాహాన్ని కొలిచిన పరిశోధకులకు మంచు కరిగిన నీరు 2 శాతం కూడా కనిపించలేదు. ఒక చదరపు కిలోమీటరు కూడా లేని మంచుకు, వందల చదరపు కిలోమీటర్ల మీద పడే వానకు పోటీ ఎక్కడిది? ఇక మొత్తం నైలు లెక్క తీస్తే, అస్వాన్ చేరే నీటిలో 85 శాతం దాకా ఇథియోపియా ఎత్తుల నుంచే వస్తుంది.

నదులను ఏడాది పొడవునా పారించేది హీథర్ అడవి, దాని కింది పాచి, లోయల్లో సగం కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడ్డ పీట్ నేల. పడిన వానను పట్టి మెల్లగా వదలడం వాటి పని. కసేసే ప్రాంతపు తాగునీరు, ముబుకు సాగునీటి పథకం, ఆ నది మీది చిన్న జలవిద్యుత్ కేంద్రాలు వీటి మీదే ఆధారపడ్డాయి. అవి దెబ్బతింటే ఏమవుతుందో కిలెంబే చూసింది. 2012లో ఎగువన మంటలు లేచి పెద్ద మేర వృక్షజాలం కాలింది. తడి కొండకు నిప్పంటుకోవడం వింతగా ఉంటుంది, కానీ కొన్ని వారాలు మబ్బు మొహం చాటేస్తే ఎండిన పాచి, నూనె గల హీథర్ సులువుగా రాజుకుంటాయి. మరుసటి ఏడాది మే 1న కుండపోత వానకు కొండచరియలు విరిగిపడి, బండరాళ్లతో సహా న్యాంవాంబా కిలెంబే మీద పడింది. ఇళ్లు, వంతెనలు, ఆసుపత్రి భవనాలు దెబ్బతిన్నాయి. ఆ వరదను తర్వాత విశ్లేషించినవాళ్లు వానతో పాటు మంటలను, చరియలను కూడా కారణాల్లో చేర్చారు. 2020 మేలో మళ్లీ వరద వచ్చి కిలెంబే ఆసుపత్రిని ముంచేసింది. పాత గని వదిలిన వ్యర్థాల గుట్టలు నది ఒడ్డునే ఉన్నాయి, ప్రతి వరదా వాటిని కొంత కోసుకుని జార్జ్ సరస్సు వైపు తీసుకుపోతోంది.

ఇక మంచు పోతే నష్టపోయేవాళ్లు లేరా అంటే ఉన్నారు. శిఖరం ఎక్కడానికి వచ్చేవాళ్ల సామాను మోసి బతికే బకోంజో యువకులకు అది కూలి. వాళ్ల పెద్దలకు దేవుడి ఇల్లు. రాళ్లు బయటపడ్డ కొద్దీ సెనేసియోలు, వాటి వెంట తేనెపిట్టలు పైకి జరగొచ్చు, కానీ 5,109 మీటర్ల తర్వాత జరగడానికి చోటు లేదు. కింది నుంచి వేడి తరుముతుంటే నాలుగు వేల మీటర్ల పైని ప్రాణులకు మిగిలేది రోజురోజుకూ ఇరుకయ్యే కొనలే. నైలుకు మాత్రం ఆ మంచు కరిగినా తేడా తెలియదు. ముబుకు ఒడ్డున వరి వేసుకునే రైతుకు తేడా తెలిసేది మబ్బు దిగడం మానేసిన ఏడాది.